ఆఫీసుకెళ్లే దారి, ఊరికెళ్లే దారి

మా హన్మకొండ నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చే పిల్లలు, ముఖ్యంగా మా కాలేజీ జూనియర్లు, ఈమధ్య నాకు ఫోన్ చేసి అడిగే మాట ఒక్కటే: "అక్కా, ఇల్లు ఎక్కడ చూసుకుంటే మంచిది?" ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేనుండేది హబ్సిగూడలో. ఆఫీసు రాయదుర్గంలో. ఈ మాట చెప్పగానే "అమ్మో, అంత దూరమా!" అంటారు. నిజమే, ఊరికి ఈ చివర ఇల్లు, ఆ చివర ఆఫీసు. అయినా ఆఫీసు పక్కకు మారాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. మా రూమ్మేట్‌దీ అదే మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కేపీహెచ్‌బీలో హాస్టల్‌లో ఉండేదాన్ని. మా పిన్ని కూతురు అప్పటికే అక్కడ ఉండేది, నేనూ అక్కడే దిగాను. కేపీహెచ్‌బీ అంటే నాకిప్పటికీ ఇష్టమే. ఏ సందులోకి వెళ్లినా టిఫిన్ సెంటరో కర్రీ పాయింటో ఉంటుంది, రైతు బజారు ఉంటుంది, రాత్రి పదింటికి కూడా రోడ్డు మీద అమ్మాయిలు ధైర్యంగా నడుస్తుంటారు. ఒంటరిగా వచ్చిన వాళ్లకు మొదటి ఏడాది గడపడానికి అంతకంటే అనువైన చోటు నేను చూడలేదు. పైగా మ్యాప్‌లో చూస్తే హైటెక్ సిటీ పక్కనే, ఏడెనిమిది కిలోమీటర్లు.

కానీ ఆ ఏడెనిమిది కిలోమీటర్లు ఎలా వెళతాం అన్నదే అసలు సంగతి. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, హైదరాబాద్ మెట్రోకు మూడు లైన్లున్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైను, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ లైను, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా గ్రీన్ లైను. కేపీహెచ్‌బీ ఉన్నది రెడ్ లైను మీద, ఐటీ ఆఫీసులున్నది బ్లూ లైను మీద. రెండూ కలిసేది అమీర్‌పేటలో. అంటే పక్కనే ఉన్న హైటెక్ సిటీకి వెళ్లాలంటే ముందు అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ దిగి, ఇంకో ప్లాట్‌ఫారం ఎక్కి, మళ్లీ పడమర వైపు తిరిగి రావాలి. పొద్దున తొమ్మిది గంటలప్పుడు అమీర్‌పేట స్టేషన్‌ను ఒకసారి చూస్తే అర్థమవుతుంది. రెడ్ లైను దిగిన జనమంతా ఒక్కసారిగా బ్లూ లైను వైపు కదులుతారు. మన బండ్లకు ఉన్నవి మూడు బోగీలే. అందులో ఆడవాళ్లకు ఒక బోగీలో కొంత భాగం. ఒక బండి వదిలేసి, రెండోది కూడా వదిలేసి, మూడోదానిలో ఎలాగోలా దూరిన రోజులు నాకున్నాయి.

రోడ్డు మీద పోదామంటే జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ రోడ్డు ఉంది. బస్సులున్నాయి, షేర్ ఆటోలున్నాయి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబరు 9 నుంచి, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే మనకు బస్సు ఖర్చే లేదు. జీతం తక్కువున్న రోజుల్లో ఆ మిగులు నాకు చాలా ఆసరా అయింది. అయితే చినుకు పడిందంటే ఆ రోడ్డు మీద బస్సు ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. రోజూ ఇంత సమయం పడుతుందని తెలిస్తే గంటైనా సర్దుకోవచ్చు. ఒకరోజు అరగంట, ఒకరోజు గంటన్నర అంటే మనిషికి స్థిమితం ఉండదు. ఆఫీసులో కూర్చున్నా కిటికీలోంచి మబ్బుల్నే చూస్తుంటాం.

ఇంటి కోసం తిరగడం మొదలుపెట్టింది మా స్నేహితురాలికి బేగంపేటలో ఉద్యోగం వచ్చాక. ఇద్దరం కలిసి ఒక పోర్షన్ తీసుకుంటే హాస్టల్ అన్నం బాధ తప్పుతుందని అనుకున్నాం. మొదట అందరిలాగే కొండాపూర్ చూశాం. ఇళ్లు బాగున్నాయి, లిఫ్టులు, సీసీ కెమెరాలు అన్నీ ఉన్నాయి. రెండు బెడ్‌రూములకు చెప్పిన అద్దె 30 వేల పైన. మెయింటెనెన్స్ వేరే. ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ భార్యను పక్కకు పిలిచి నీళ్ల సంగతి అడిగితే, "ఎండకాలం ట్యాంకర్లేనమ్మా, ఆ పైసలు అందరూ పంచుకుంటరు" అని ఉన్నమాట చెప్పింది. 2024 ఎండాకాలంలో పడమటి వైపు బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం ఎంత పడిగాపులు పడ్డారో మా ఆఫీసులో వాళ్లే చెప్పేవారు. కాబట్టి ఇల్లు చూడటానికి వెళితే ఓనర్‌ను అడిగే ముందు వాచ్‌మన్ కుటుంబాన్ని అడగండి. ఆ ఇంటి గురించి వాళ్లకు తెలియనిది ఉండదు.

మణికొండ వైపు వెళ్లలేదు, అక్కడికి మెట్రో లేదు. యూసుఫ్‌గూడ, మధురానగర్ చూశాం. రెండూ బ్లూ లైను మీదే, రాయదుర్గానికి పావుగంట, ఇరవై నిమిషాలు. అద్దెలూ మరీ ఎక్కువేం కాదు. కానీ మేం చూసిన పోర్షన్లు గోడకు గోడ ఆనుకున్నవి, కిటికీ తెరిస్తే పక్కింటి వంటగది. ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దునపూట అమీర్‌పేటలో నిండిన బండే అక్కడికి వస్తుంది. స్టేషన్ ఇంటి పక్కనే ఉన్నా బండెక్కడం కష్టం. లైను మొదట్లో ఉన్నవాళ్లకు, అంటే నాగోల్, ఉప్పల్ వైపు వాళ్లకు, సీటో కనీసం నిలబడే చోటో దొరుకుతుంది. మ్యాప్‌లో దూరం చూస్తే ఇది తెలియదు. మీరు అద్దెకు తీసుకోవాలనుకున్న చోటి స్టేషన్‌కు పొద్దున మీ టైముకు వెళ్లి, ఒకసారి ఆఫీసు దాకా ప్రయాణం చేసి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసి, ఆదివారం సాయంత్రం అడ్వాన్స్ ఇచ్చేయకండి.

అప్పుడే మా బాపు ఒక మాట అన్నాడు. "ఆఫీసుకు నువ్వొక్కదానివే పోతవ్. ఇంటికి మేం గూడ రావాలె కదా" అని. ఆ మాట నా మనసులో నాటుకుంది. కేపీహెచ్‌బీలో ఉన్నప్పుడు హన్మకొండలో బస్సెక్కి మూడు గంటల్లో ఉప్పల్ చేరేదాన్ని. అక్కడి నుంచి కేపీహెచ్‌బీకి ఇంకో గంటన్నర. అమ్మ పచ్చడి జాడీ, బియ్యం సంచి ఇచ్చి పంపితే అవి మోసుకుంటూ అమీర్‌పేటలో మెట్లెక్కి దిగడం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. "ఆ మెట్రో నాతోని గాదు బిడ్డా" అని హైదరాబాద్ రావడమే మానేసింది.

ఒకసారి ఈ కోణంలో చూడటం మొదలుపెట్టాక నగరం అంతా నాకు కొత్తగా కనిపించింది. మన పెద్దవాళ్లు ఇల్లు చూసుకున్న తీరే వేరు. వరంగల్ వైపు వాళ్లు ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ పట్టుకున్నారు. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ రోడ్డు వాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్. కరీంనగర్ వాళ్లు అల్వాల్. నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్లు సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్. పాలమూరు వాళ్లు అత్తాపూర్, రాజేంద్రనగర్, శంషాబాద్. ఊళ్లో ఏదైనా జరిగితే గంటలో రోడ్డెక్కేలా, ఊరి నుంచి వచ్చేవాళ్లు దారి తప్పకుండా చేరేలా. ఇది ఎవరో చెబితే చేసింది కాదు, బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడ దిగి అక్కడే స్థిరపడ్డారు. మన తరానికి వచ్చేసరికి ఐటీ ఆఫీసులన్నీ పడమర వైపు పోయాయి, 1998లో సైబర్ టవర్స్ కట్టినప్పటి నుంచీ అటే. దాంతో మనం ఊరి దారి మరిచిపోయి ఆఫీసు గేటు ఒక్కటే చూస్తున్నాం.

నా అభిప్రాయం ఇదీ: ఆఫీసుకు ఒకే బండిలో, మారకుండా వెళ్లగలగాలి. ఊరి బస్సు దిగిన చోటు నుంచి ఇంటికి ఒకే ఆటోలో రాగలగాలి. ఈ రెండూ కుదిరే చోట వెతకండి. దూరం తర్వాత చూసుకోవచ్చు. వరంగల్ వైపు వాళ్లకు బ్లూ లైను ఉండటం నిజంగా అదృష్టం. ఈ చివర ఉప్పల్, ఆ చివర రాయదుర్గం, మధ్యలో సికింద్రాబాద్ స్టేషన్. మా హబ్సిగూడ నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ మూడో స్టేషనే, కాజీపేట రైలు పట్టుకోవాలన్నా సులువే. రాయదుర్గానికి ముప్పావు గంట, బండి మారే పనే లేదు. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేటలో మారి వెళ్లినప్పుడూ దాదాపు అంతే పట్టేది. పైగా అప్పుడు సగం దారి ఒకరి మోచేయి నా పక్కటెముకల్లో ఉండేది, ఇప్పుడు కమ్మీ పట్టుకుని నా మానాన నేను నిలబడతాను. అమీర్‌పేటలో కొందరు దిగుతారు కాబట్టి చాలాసార్లు అక్కడ సీటు కూడా దొరుకుతుంది.

ఇలా అన్నానని ఉప్పల్ దాటి ఇంకా ముందుకు వెళ్లిపోకండి. బోడుప్పల్, పీర్జాదిగూడలో అద్దెలు తక్కువే, ఇళ్లూ విశాలంగా ఉంటాయి. కానీ ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగుతూ వచ్చాయి. స్తంభాల మధ్య, గుంతల రోడ్డు మీద మెట్రో స్టేషన్ దాకా రావడానికే సగం ఓపిక అయిపోతుంది. వానాకాలంలో స్కూటీ మీద ఆ రోడ్డున వచ్చే అమ్మాయిలను చూస్తే నాకు భయమేస్తుంది. కాబట్టి వెతికేది ఉప్పల్ రింగ్‌కు ఇటువైపు, స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో. ఉప్పల్‌లో 2023లో స్కైవాక్ కట్టాక రోడ్డు దాటే గండం తప్పింది, అమ్మావాళ్లు బస్సు దిగి లిఫ్టులో పైకెళ్లి అవతలికి రావచ్చు.

హబ్సిగూడ, తార్నాక వైపు వీధులకు నంబర్లుంటాయి, స్ట్రీట్ నంబర్ ఒకటి, రెండు అంటూ. అడ్రసు చెప్పడం తేలిక. పాత కాలనీలు, చెట్లుంటాయి. పక్కన ఉస్మానియా యూనివర్సిటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు. ఓనర్లలో రిటైరైన ఉద్యోగులు చాలామంది కనిపించారు. టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" అనే. "ఇద్దరం అమ్మాయిలం, ఉద్యోగాలు చేస్తున్నాం" అంటే కొందరు అక్కడికక్కడే వద్దన్నారు. ఒకాయన "మా ఇంట్ల వెజ్ ఓన్లీ అమ్మా" అన్నాడు. ఇలాంటి చోట వాదించి లాభం లేదు. అద్దెకున్నన్నాళ్లూ వాళ్ల కళ్లు మన వంటగది మీదే ఉంటాయి. పక్క గేటు తట్టడం మేలు.

మేం ఇప్పుడుంటున్న ఇంటి ఆంటీ మాత్రం ఏమీ అడగకుండా ముందు కుర్చీ వేసి కూర్చోమంది. "ఏ ఊరు బిడ్డా మీది?" అంది. హన్మకొండ అనగానే "మాది పరకాలే!" అని లేచి మంచినీళ్లు తెచ్చింది. అయినా సరే అడగాల్సినవన్నీ అడిగాం.

"ఆంటీ, నల్లా ఎప్పుడొస్తది?"

"దినం తప్పి దినం వస్తది. సంపు పెద్దదే. బోరు గూడ ఉన్నది, రంది లేదు."

"కరెంటు మీటరు మాకు వేరేనా?"

"వేరేనే. బిల్లు మీ పేరు మీద గాదు గని, మీటరు మీదే."

"వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చినయా ఎప్పుడన్నా?"

ఆంటీ మమ్మల్ని కిందికి తీసుకెళ్లి కాంపౌండ్ గోడ చూపించింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు హబ్సిగూడ, రామంతాపూర్ వైపు కొన్ని కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ గోడ మీద మోకాలి ఎత్తున పాత సున్నం రంగు మారి ఒక గీతలా ఉంది. "గేటు దాకా వచ్చినయ్, మెట్లు ఎక్కలే" అంది. మేం చూసిన పోర్షన్ మొదటి అంతస్తు. గీత దాచకుండా చూపించిన ఆమె మీద నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఈ వైపు ఇల్లు చూసేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. గ్రౌండ్ ఫ్లోరైతే మరీను. కొత్తగా రంగులు వేసిన గోడ కనిపిస్తే పక్కింటి గోడ చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరం మెట్రో దిగి ఆ ఇంటిదాకా నడిచి చూశాం. మెయిన్ రోడ్డు మీద దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి. లోపలి వీధిలో మలుపు దగ్గర ఒక స్తంభానికి లైటు లేదు, దాని ఎదురుగా మందుల షాపు మాత్రం పది దాటేదాకా ఉంటుందని చెప్పారు. కుక్కలున్నాయి కానీ మీదికి రాలేదు. ఆ నడక అయ్యాకే ఆంటీకి ఫోన్ చేసి సరే అన్నాం. పగలు ఎంత బాగున్నా, రాత్రి ఒంటరిగా నడవడానికి మీ కాళ్లు వెనకాడే వీధి వద్దు. ఆ విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి.

డబ్బు సంగతి. రెండు బెడ్‌రూముల పోర్షన్ 18 వేలు, చెరి 9 వేలు. అడ్వాన్స్ రెండు నెలలది. బెంగళూరులో ఉన్న స్నేహితులు చెప్పే అడ్వాన్సులతో పోలిస్తే ఇది నయం. 2025 మేలో మెట్రో ఛార్జీలు పెంచాక రాయదుర్గానికి ఒక్క వైపుకే 60 దాటుతోంది, అది భారమే. నాకు వారానికి మూడు రోజులే ఆఫీసు కాబట్టి నెలకు 1,600 దాకా అవుతోంది. అది కలిపినా కొండాపూర్‌లో నా వాటాకు పడే అద్దె కంటే చాలా తక్కువ. రోజూ ఆఫీసుకు వెళ్లాల్సిన వాళ్లు మాత్రం లెక్క వేసుకోండి. అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారు. అందులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసుకుంటామని ఉందో లేదో సంతకానికి ముందే చదవండి. ఉంటే, ఎన్నాళ్లు ఉంటే కోత ఉండదో కూడా రాయించుకోండి. మాకు రెండేళ్లు దాటితే కోత లేదని ఆంటీ రాసిచ్చింది.

ఇబ్బందులు లేవని అనను. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం మా లైను బండ్లు జెర్సీలతో నిండిపోతాయి, ఆరోజు ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరడమో, ఆలస్యంగా రావడమో చేయాలి. ఆఫీసు అయ్యాక టీమ్ వాళ్లు మాదాపూర్‌లో భోజనానికి వెళితే చివరి మెట్రో టైము చూసుకుంటూ తినాలి. మెట్రో పదకొండు దాకా అని నమ్ముకుని కూర్చుంటే క్యాబ్‌కు పడే డబ్బు మామూలుగా ఉండదు. నైట్ షిఫ్టు వాళ్లకు, కంపెనీ క్యాబ్ లేకపోతే, ఈ వైపు నేను చెప్పను.

బ్రోకర్లు, కొందరు ఓనర్లు "ఇక్కడికి మెట్రో వస్తది" అని చెప్పి అద్దె పెంచుతారు. రెండో దశలో నాగోల్ నుంచి ఎయిర్‌పోర్టుకు, రాయదుర్గం నుంచి కోకాపేటకు, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు లైన్ల ప్రతిపాదన ఉన్నమాట నిజమే. స్థలం కొనేవాళ్లకు అది పనికొచ్చే మాట. 11 నెలల అగ్రిమెంటు రాసుకునే మనకు ఈరోజు తిరుగుతున్న బండే లెక్క.

వెతకడానికి మంచి సమయం ఆషాఢం. ఆ నెలలో మనవాళ్లు ఇల్లు మారరు కాబట్టి ఖాళీ పోర్షన్లు అలాగే ఉంటాయి, ఓనర్లు కూడా నింపాదిగా మాట్లాడతారు. మేం ఆషాఢంలో అడ్వాన్స్ ఇచ్చి శ్రావణంలో చేరాం. ఆ పొద్దున అమ్మ, బాపు హన్మకొండలో మొదటి బస్సెక్కి తొమ్మిదింటికల్లా వచ్చేశారు. పాలు పొంగించి, పరమాన్నం వండి, కింద ఆంటీకి గిన్నెలో పోసిచ్చి, సాయంత్రం మళ్లీ ఉప్పల్‌లో బస్సెక్కి వెళ్లిపోయారు. ఇప్పుడు అమ్మ నెలకోసారి తనే వస్తోంది. దసరాకు ఉప్పల్ క్రాస్ రోడ్స్‌లో వరంగల్ బస్సుల కోసం జనం కిక్కిరిసినా నాకు టెన్షన్ లేదు, ఇల్లు అంత దగ్గర.

ఈ లెక్క అందరికీ ఒకేలా కుదరదు. మా తమ్ముడికి వచ్చే నెల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జాయినింగ్. వాడు నా దగ్గర్లోనే ఉంటానంటున్నాడు, నేను వద్దన్నాను. రాయదుర్గంలో మెట్రో దిగాక నానక్‌రాంగూడ దాకా మళ్లీ బస్సో ఆటోనో పట్టాలి, రోజూ రెండు బండ్లు మారడం అవుతుంది. వాడికి లింగంపల్లి, నల్లగండ్ల చూడమన్నాను. కాజీపేట మీదుగా వెళ్లే రైళ్లు కొన్ని లింగంపల్లిలోనే బయల్దేరతాయి, లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో సికింద్రాబాద్ రావడానికి టికెట్ 15 రూపాయల లోపే. బండ్ల మధ్య వ్యవధి ఎక్కువ, అది టైము చూసుకుని వెళ్లేవాడికి సమస్య కాదు. లింగంపల్లి నుంచి ఆఫీసు వైపు బస్సులు పొద్దున ఎలా ఉంటాయో మాత్రం చూడాలి. అందుకే ఈ సోమవారం సెలవు పెట్టి, ఎనిమిదిన్నరకు అక్కడ బస్టాప్‌లో నిలబడి చూద్దామని వాడికి చెప్పాను.